ఆరో చప్పుడు

పోశం ఫోన్ చేసినప్పుడు నేను డాబా మీద మిరపకాయలు ఎండబోస్తున్నాను. నిజం చెప్పాలంటే ఎండబోస్తున్నది మా ఆవిడ. నేను కుర్చీలో కూర్చుని కాకులను తోలుతున్నాను. కాకులు కూడా ఏమీ రాలేదనుకోండి.

"రైటర్ సార్, మన జవాన్ సాబ్ పోయిండు," అన్నాడు పోశం. "మొన్న. బోథ్ కాడ వాళ్ల ఊర్లె. నేను మట్టికి పోయొచ్చిన."

"ఏమైంది?"

"ఏం గాలే. తిని పండుకున్నోడు లేవలే." మళ్లీ తనే అన్నాడు, "గాయన ఆనాడు ఉరికి రాకుంటె నేనేడున్న సార్. గాయనకు ఎట్లెరుకైందో ఇప్పటికి సమజ్ గాలే."

ఎలా ఎరుకైందో నాకు తెలుసు. చెప్పలేదు. మంచిదని ఫోన్ పెట్టేశాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ పేరు కింద నేను ఒకసారి నాలుగు వాక్యాలు రాశాను. అవి ఆయనను ఎక్కడిదాకా నడిపించాయో చెప్పబోతున్నాను గనక, రెండోసారి నా చేత్తో ఆ పేరు రాయబుద్ధి కావడం లేదు. క్వారీలో అందరికీ ఆయన జవాన్ సాబ్. అది చాలు.

కరీంనగర్ బయట ఒక గ్రానైట్ క్వారీలో నేను చాలా ఏళ్లు రైటర్‌గా పనిచేశాను. క్వారీలో కలం పట్టాల్సిన పని ఏదున్నా నాదే. నా చేతిరాత చూసి కలెక్టరే ముచ్చటపడ్డాడు. కలెక్టరంటే కలెక్టర్ కాదు, ఆ ఆఫీసులో అటెండర్. కానీ ముచ్చటపడ్డమాట నిజం.

జవాన్ సాబ్ పటాలం నుంచి, అంటే సైన్యం నుంచి, దిగి మా గేటు దగ్గర కాపలాకు చేరాడు. బక్కపలచని మనిషి. నడిచేటప్పుడు ఎడమ చెయ్యి వెనక్కి చాచి ఉంచేవాడు, వెనక ఎవరినో తాడు పట్టుకుని తీసుకొస్తున్నట్టు. కొత్తచోట అడుగు పెట్టాలంటే ముందు బూటు మొనతో నేలను తట్టి, ఆ తర్వాతే మడమ ఆనించేవాడు. చదునుగా సిమెంటు చేసిన ఆఫీసు వరండాలో కూడా అంతే. నేను వెనక నుంచి అచ్చం అలాగే నడిచి చూపించి డ్రిల్లర్లను నవ్వించేవాణ్ణి.

మనిషిని చూస్తే ముందు మొహం చూడడు, పాదాలు చూస్తాడు. గ్రానైట్ దిమ్మెలు ఎక్కించుకుని లారీ బయటికి పోతుంటే గేటు దగ్గర ఆపి, చుట్టూ తిరిగి, గొలుసులు గుంజి చూసేవాడు. అది ఆయన పని కాదు. "బరువు బరాబర్ లేదు, ఎడమదిక్కు ఒరుగుతున్నది," అనేవాడు. డ్రైవర్లు తిట్టుకుంటూ సర్దుకునేవాళ్లు. చాయ్ వస్తే అందరూ తాగాక ఆఖరున తాగేవాడు. లారీ వెనక్కి రావాలంటే అందరూ చేయి ఊపి అరుస్తారు. ఈయన నాలుకతో టక్ టక్ మని చప్పుడు చేసేవాడు.

ఒకసారి అడిగాను. "మనుషుల బరువు గూడ చూస్తవా జవాన్ సాబ్? సేటు సంగతేంది?"

"సేటుకు ఒక్కదిక్కే బరువున్నది సార్."

"మరి నాకు?"

నా చెప్పులకేసి చూసి చాలాసేపు ఆలోచించాడు. "మీకు బరువే లేదు సార్. గాలి మస్తుగున్నది."

ఆయన నోట నేను విన్న పెద్ద జోకు అదే. జోకు అనే అనుకున్నాను.

ఒక ఏడు పంద్రాగస్టు దగ్గరపడుతుండగా సేటు ఫోన్‌లో ఏదో చూసి ఉత్సాహంగా వచ్చాడు. పెద్ద పెద్ద కంపెనీల్లో మాజీ సైనికులను వేదిక మీద నిలబెట్టి సన్మానం చేస్తున్నారట.

"మనతాన గూడ ఒకాయన ఉన్నడు గదా గేటు కాడ. శాలువ కప్పుదాం. ఫ్రేము కట్టిద్దాం. రైటర్ సాబ్, నువ్వు జర జబర్దస్తుగ రాయి."

నేను కాగితం పట్టుకుని గేటు దగ్గరికి పోయాను. "పటాలంల ఏం పని చేసినవ్?"

"ఖచ్చర్లను నడిపిచ్చిన సార్."

కంచరగాడిదలను. గుట్టల మీది చౌకీలకు పిండి, కిరోసిన్, మందుగుండు పెట్టెలు మోసుకుపోయే జంతువులను తాడు పట్టి తీసుకుపోవడం. సర్వీసంతా అదే పని.

"తుపాకి పేల్చలేదా?"

"భుజానుండె. దాని పని దానికి పడలే." ఆ తర్వాత ఎన్నడూ లేనిది నాలుగు మాటలు వరుసగా మాట్లాడాడు. "ఖచ్చర్ డెక్క మీద నంబరుంటది సార్. నా దాని నంబరు ఇప్పటికి యాదికున్నది. బర్ఫుల, గా మంచుల, అది అడుగెయ్యనంటె కొట్టద్దు. మనం ముంగట అడుగేసి చూపియ్యాలె. అప్పుడొస్తది." నంబరు కూడా చెప్పాడు. నేను రాసుకోలేదు.

బంగారు అంచు ఫ్రేములో కంచరగాడిద ఎలా ఇముడుతుంది? ఆఫీసుకు తిరిగి వచ్చి, కుర్చీ జరుపుకుని రాశాను. సరిహద్దు కొండల్లో శత్రువులు పాతిన మందుపాతరలను ఒట్టి చేతులతో వెలికితీసి డజన్ల కొద్దీ ప్రాణాలను కాపాడిన ధీరుడు అని. చదువుకుంటే చప్పగా అనిపించి, డజన్ల కొద్దీ కొట్టేసి వందలాది చేశాను.

పంద్రాగస్టునాడు మైకులో నేనే చదివాను. గొంతు వణికించాల్సిన చోట వణికించాను కూడా. ఆయన సావధాన్‌లో నిలబడ్డాడు, శాలువా ఒక భుజం నుంచి జారుతున్నా సర్దుకోకుండా. చప్పట్లు మోగుతుంటే నా పాదాలకేసి చూస్తున్నాడు. అందరూ లడ్డూల దగ్గరికి పోయాక నా పక్కకు వచ్చాడు.

"సార్, గది నేను గాదు."

"ఎవరు చూస్తరు? గోడకుంటది."

"ఎవరో ఒకరు సదువుతరు సార్."

"మారుస్తా తియ్యి."

మార్చలేదు. ఫ్రేము మేకుకెక్కింది, నా బల్లా ఉన్న ఆఫీసు గదిలో, సరిగ్గా సేటు కుర్చీకి ఎదురుగా. ఆ గదిలో కూర్చున్నంతసేపూ సేటు దాన్నే చూసేవాడు.

ఇక్కడ క్వారీ పని కాస్త చెప్పాలి. బండకు వరసగా రంధ్రాలు వేసి, మందు కూరి, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక పేలుస్తారు. ముందు ఈల వేస్తారు. అందరూ దూరం జరుగుతారు. ఒక్కో రంధ్రానికి ఒక్కో చప్పుడు. అవి లెక్కపెట్టడం నా పని. రిజిస్టర్‌లో ఒక గడిలో ఎన్ని నింపారో రాస్తాను, పక్క గడిలో ఎన్ని పేలాయో. రెండూ ఒకటైతే కిటికీలోంచి పచ్చజెండా ఊపుతాను. డ్రిల్లర్లు బండ ఎక్కుతారు. ఒకటి తగ్గితే ఎర్రజెండా. ఏదో ఒక రంధ్రంలో మందు ఇంకా బతికే ఉందని అర్థం. దాన్ని తీయడానికి సర్టిఫికెట్ ఉన్న మనిషి వేరే ఊరి నుంచి రావాలి. ఆయన వచ్చేదాకా, ఒక రోజో రెండు రోజులో, పని బంద్.

ఆ దసరా ముందు ఒకరోజు ఆరు నింపితే ఐదే పేలాయి. ఎర్రజెండా ఊపాను. ఆ సర్టిఫికెట్ ఆయన మూడు రోజుల దాకా రాలేనన్నాడు. సేటు గదిలో అటూ ఇటూ తిరిగాడు. తిరిగి తిరిగి ఎదురుగోడ దగ్గర ఆగాడు.

"మనతాన మనిషుండంగ వేరేటోన్ని పిలుచుడెందుకు?"

"గాయన పటాలం ఇడిచి మస్తు దినాలైంది సేటు," అన్నాను. ఫ్రేములోది అబద్ధమని చెప్పడానికి ఇంకో చిన్న వాక్యం చాలు. ఆ వాక్యం కూడా చెప్పానని, సేటే వినలేదని, ఇన్నాళ్లూ మా ఇంట్లో చెప్పుకున్నాను. చెప్పలేదు.

"చేతి పని ఏడికి పోతది. పోయి చెప్పు."

గేటు దగ్గరికి పోయి చెప్పాను. ఆయన విని, "ఆర్డర్ సేటుదా సార్?" అన్నాడు.

"అవు."

"నేను పోకుంటె ఎవరు పోతరు?"

"డ్రిల్లర్ పోశంను తోలుతడు."

లాఠీ గోడకానించాడు. టోపీ తీసి స్టూలు మీద పెట్టాడు. "మీరే రాసిండ్రు గదా సార్. గది ఎట్ల తియ్యాల్నో గూడ రాసుంటె మంచిగుండు."

ఎగతాళి కాదది. నాకు తెలుసేమోనని నిజంగానే ఒక్క క్షణం ఎదురుచూశాడు. తర్వాత బండకేసి నడిచాడు, ఒక్కో అడుగూ బూటు మొనతో తట్టి చూసుకుంటూ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

సగం దారి దాకా నేనూ తోడు పోయానని చాయ్ హోటల్లో చాలామందికి చెప్పాను. నేను నీళ్ల ట్యాంకర్ వెనక ఉన్నాను. అక్కడి నుంచి బండ కూడా కనిపించదు. కనిపించకూడదనే అక్కడ నిలబడ్డాను.

గంట దాటాక వచ్చాడు. నల్లా కింద మోచేతుల దాకా కడుక్కున్నాడు, కడిగిందే కడుగుతూ. "ఇగ జెండ ఊపుండ్రి సార్," అన్నాడు.

సేటు ఆయన భుజం తట్టి, "ఫ్రేముల రాసింది వట్టిగనా?" అన్నాడు అందరికేసి చూస్తూ.

ఆ తర్వాత ఇక వేరే ఊరి మనిషికి కబురు పోలేదు. చప్పుడు తగ్గినప్పుడల్లా ఆయనే పోయేవాడు, పిలిచేది నేనే. అలా ఎన్నిసార్లు ఎక్కాడని ఎవరైనా అడిగితే ఇరవై అనేవాణ్ణి. ఏడు. ఏడు చాలవా?

ఆయన మధ్యాహ్నం అన్నం వేళ మార్చుకున్నాడు. ఒంటిగంటకు టిఫిన్ డబ్బా పట్టుకుని ఆఫీసు గడపలో నిలబడేవాడు. చప్పుళ్లు పూర్తయితే అక్కడే మెట్టు మీద కూర్చుని మూత తీసేవాడు. తగ్గితే డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టి, "జర చూస్తుండుండ్రి సార్," అని పోయేవాడు. ఆయన వచ్చేదాకా ఆ డబ్బా ముందు కూర్చోవడం నా వంతు. ఫ్యాన్ కింద చెమట పట్టేది. సేటు ఫోన్‌లో మాట్లాడుతూనే ఉండేవాడు.

రెండోసారో మూడోసారో వచ్చాక అన్నాడు, "సార్, మీ అక్షరం మంచిగుంటది. గా ఫ్రేముల జర తగ్గిచ్చి రాయుండ్రి." అప్పటికి తగ్గించడమంటే, నేను అబద్ధం రాశానని సేటు ముందు ఒప్పుకోవడం. నవ్వి ఊరుకున్నాను.

ఒకనాడు పొద్దున ఆయన భార్య బోథ్ నుంచి బస్సుల్లో పడి వచ్చింది, గుడ్డలో జొన్నరొట్టెలు కట్టుకుని. ఆయన ఆ టైముకు లారీలు తూకం వేసే చోట ఉన్నాడు. ఆఫీసులో కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. ఆమె గోడ మీది ఫ్రేము చూసింది.

"గా పటంల ఈయన పేరున్నదంట గదా సారూ. నాకు సదువు రాదు. జర సదువుండ్రి."

చదివాను. ఉన్నదున్నట్టు. ఈసారి గొంతు వణికించలేదు, అదే వణికింది. ఆమె చివరిదాకా విని, కొంగు సర్దుకుంది.

"మీరు వేరేటాయనది సదివిండ్రు సారూ."

"లేదమ్మా, ఆయనదే."

"ఈయన దీపాలెకు పటాకల సప్పుడైతె తలుపు పెట్టుకుంటడు. చెవులల్ల దూది కుక్కుకొని మూలకు కూసుంటడు." గొంతు తగ్గించింది. "పటాలంల ఈయన ఖచ్చర్ పేలిపోయింది సారూ. అడుగెయ్యనని మొండికేస్తె ఈయనే ముంగటికి నడిచి దాన్ని రమ్మన్నడంట. ఈయన కాలు పెట్టిన కాడ ఏం గాలే. జానెడు పక్కకు దాని డెక్క పడ్డది. తాడు ఈయన చేతులనే ఉండె. నాకు ఒక్కసారే చెప్పిండు. మల్ల అడుగలే."

నేను రిజిస్టర్ అంచు సరిచేస్తూ కూర్చున్నాను.

"గాయనతోని గసువంటి పనులు చేపిస్తలేరు గదా?"

"లేదమ్మా. గేటు కాడ కూసుంటడు, గంతే," అన్నాను.

ఆమె నా మాట నమ్మింది. రొట్టెల్లో రెండు నాకూ పెట్టింది.

నాలుగు రోజులకు ఆరు నింపారు. దిమ్మెలు కొనేవాళ్లు వచ్చి సేటు గదిలో కూర్చున్నారు. ఈల మోగింది. ఆయన డబ్బాతో గడపలో నిలబడ్డాడు. ఒకటి. రెండు. మూడు, నాలుగు దగ్గరదగ్గరగా. ఐదు. దుమ్ము లేచి సన్నగా దిగడం మొదలైంది. నేను కలం పట్టుకుని వేచి ఉన్నాను. ఇంకేమీ మోగలేదు. గడపలోంచి ఆయన డబ్బా పట్టుకుని నా బల్లకేసి ఒక అడుగు వేశాడు.

"ఆరు సేటు," అని గట్టిగా అన్నాను. పక్క గడిలో ఆరు వేశాను. లేచి పచ్చజెండా ఊపాను.

ఆయన ఆగిపోయాడు. "ఐదు సార్," అన్నాడు మెల్లగా, నాకు ఒక్కడికే వినబడేటట్టు.

"ఆరు. రెండు కలిసి మోగినయ్. కూసో, తిను."

నేను ఇలా ఆలోచించానని చెప్పుకుంటూ వచ్చాను: ముందు ఆరు అని చెప్పి గండం గట్టెక్కించి, ఆ వెంటనే పోశంను పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పి, సర్టిఫికెట్ మనిషిని పిలిపిద్దామని. మంచి ఉపాయమే. కానీ ఆ ఉపాయం నాకు ఆ నిమిషంలో రాలేదు. చాలా రోజుల తర్వాత, నిద్ర పట్టడానికి అల్లుకున్నాను. జెండా ఊపినప్పుడు నా తలలో ఉన్నది ఒక్కటే. ఈయన పోవద్దు. జెండా చూసి ఇంకెవరో పోతారన్న సంగతి, ప్రతిరోజూ ఆ జెండా ఊపే నాకే తోచలేదు.

ఆయన కిటికీలోంచి చూశాడు. పోశం, వాడి తోటి డ్రిల్లర్ ఓదెలు, రంధ్రాల్లో మిగిలిన పొడి గోకే ఇనుప రాడ్ భుజాన వేసుకుని అప్పటికే బండ ఎక్కుతున్నారు.

ఆయన పరుగెత్తడం అంతకుముందు ఎవరూ చూడలేదు. నేలను తట్టి చూడలేదు. రెండు చేతులూ బార్లా చాపి, బెదిరిన మందను మళ్లించడానికి పోతున్నట్టు, టక్ టక్ మని నాలుకతో చప్పుడు చేస్తూ, అది చాలక నోటికొచ్చినట్టు అరుస్తూ ఉరికాడు. మిషన్ల మోతలో వాళ్లకు వినబడలేదు. పోశం ఆ పేలని రంధ్రంలోకే రాడ్ దించుతున్నాడు. ఈయన పోయి వాణ్ణి, ఓదెలును చెరొక పక్కకు కిందికి తోసేశాడు. రంధ్రంలో నిలబడిపోయిన రాడ్‌ను ఇంకా దిగకుండా కుడిచేత్తో పట్టుకున్నాడు.

అప్పుడు మోగింది.

పోశంకు మోకాలు చెక్కుకుపోయింది. ఓదెలుకు అదీ లేదు. ఈయనకు కుడిచెయ్యి మోచేతి కింద పోయింది, ఒక చెవి పోయింది. కరీంనగర్‌లో ఆసుపత్రిలో పెట్టారు. సేటు పూలదండ, కొత్త శాలువా తెచ్చి మంచం మీద కప్పి ఫోటో దిగాడు.

విచారణకు ఒక అధికారి వచ్చాడు. ఆయన వెంట రాయడానికి మనిషి లేడు. "మా రైటర్ అక్షరం మంచిగుంటది," అన్నాడు సేటు. అలా ఆ మంచం పక్క స్టూలు మీద నేనే కూర్చున్నాను, కాగితాలు ఒళ్లో పెట్టుకుని.

అధికారి వరండాలో ఫోన్ మాట్లాడుతుండగా మేం ఇద్దరమే ఉన్నాం. ఆయన తల నావైపు తిప్పాడు, వినబడే చెవి పైకి వచ్చేటట్టు.

"నా కోసం చెప్పిండ్రని నాకెరుకే సార్," అన్నాడు. "ఇగ నా కోసం ఏం చెప్పకుండ్రి."

నేను తలూపాను. అధికారి లోపలికి వచ్చాడు.

"ఆ రోజు ఎన్ని చప్పుళ్లు విన్నారు మీరు?"

ఐదు అంటే దొరికిపోయేది నా రిజిస్టర్, నా జెండా, నేను. ఆరు అంటే ప్రతిధ్వని అందరినీ మోసం చేసిందని సర్దుకోవచ్చు. ఆయన ఐదే అనాలని నేను కోరుకున్నానని ఇక్కడ రాస్తే చదవడానికి బాగుంటుంది. ఆరు అనాలనే కోరుకున్నాను. మనసులో దండం కూడా పెట్టుకున్నాను.

ఆయన మంచం అంచు మీదుగా నా పాదాలు చూశాడు.

"ఆరు సార్."

"ఆరూ వినిపిస్తే మరి ఎందుకు పరుగెత్తారు?"

"తెల్వదు సార్. కాళ్లు ఉరికినయ్."

"ఎవరైనా పొమ్మన్నారా?"

"ఎవ్వలనలే. నా ఇష్టమే."

అధికారి నాకేసి చూసి రాసుకొమ్మన్నాడు. రాశాను. ఆ కాగితంలో నేను ఒక్క మాట పెంచలేదు. దాన్ని చూపించే, ఆర్డర్ లేకుండా పోయాడు గనక తప్పు ఆయనదేనని తేల్చి, ఆ నెలలోనే గేటు నుంచి తీసేశారు.

సంతకం అన్నాడు అధికారి. కుడిచేతి వైపు చూసి, సరే వేలిముద్ర వేయించమన్నాడు. నేను సిరా డబ్బా తెరిచాను. ఎడమ బొటనవేలు వణుకుతోంది, కాగితం మీద ఆనినా నిలవడం లేదు. ముద్ర చెదిరితే చెల్లదు అన్నాడు అధికారి. నేను కాగితాలు మంచం మీద పెట్టి, ఆ వేలిని నా రెండు చేతులతో పట్టుకుని, నా అక్షరాల కింద ఆనించి, గీతలన్నీ స్పష్టంగా పడేదాకా అదిమి పట్టుకున్నాను.